నత్తలదిబ్బకు ఉప్పు

నేల జారకుండా చూడాల్సిన ఆఫీసుని జారే నేల మీదే కట్టుకున్నారని మీటరు చెప్పినప్పుడు, విశాలాక్షి ముందు మీటరు చెడిపోయిందనుకుంది. ప్రభుత్వ ఉద్యోగంలో కొన్నాళ్ళున్న ఎవరైనా ముందు అదే అనుకుంటారు. డబ్బా మూత తీసి బ్యాటరీ చూసింది. తీగలు విదిలించింది. ఇనప ఊచల్ని పీకించి, మరో చోట సుత్తితో దిగ్గొట్టించి మళ్ళీ కొలిచింది. మీటరు తన మాట మీద తాను నిలబడింది. ఆ ఆఫీసులో అన్న మాట మీద నిలబడే అలవాటున్నది దానికొక్కదానికే.

ఆఫీసు పేరు భూస్ఖలన నివారణ సంస్థ. నోరు తిరగదు కాబట్టి ఊరంతా జారుడాఫీసు అంటారు. కింద టైలరు, పైన ట్యూషన్ సెంటరు, మధ్యలో అద్దెకి ఇరుక్కుని ఏళ్ళ తరబడి కాలక్షేపం చేసిన ఆ ఆఫీసుకి ఎట్టకేలకు సొంత మేడ వచ్చింది. సముద్రం నుంచి ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన ఉప్పుటేటి పక్కన నత్తలదిబ్బ అని ఒక మెరక ఉంది. చల్లగాలి, చూడచక్కని ఏరు, అడిగేవాడు లేని ప్రభుత్వ స్థలం. దాని నెత్తిన మూడంతస్తుల భవనం కట్టారు. భవనం ముందు పచ్చిక పెంచారు. పచ్చిక మీద పొద్దస్తమానం గిరగిరా తిరుగుతూ నీళ్ళు చిమ్మే గొట్టాలు పెట్టారు. దిబ్బ కింద ఏటి ఒడ్డున ఉన్నది నత్తలపేట. చేపలు పట్టి, ఉప్పు వేసి ఎండబెట్టి అమ్ముకునే వాళ్ళ ఇళ్ళు అవి. మేడకీ పేటకీ మధ్య దిబ్బ వాలు తప్ప ఇంకేమీ లేదు.

దిబ్బని ఎక్కడ తవ్వినా నత్తగుల్లలు బయటపడతాయి. అంటే ఒకప్పుడది సముద్రం అడుగు. సముద్రంలో పేరుకున్న బంకమట్టిలో ఉప్పుంటుంది, ఆ ఉప్పే మట్టిని పట్టి ఉంచుతుంది. సముద్రం వెనక్కి పోయాక తరాల తరబడి వాననీరు దిగి దిగి ఆ ఉప్పుని కడిగేస్తే, మట్టి పైకి గట్టిగానే కనిపిస్తుంది గానీ ఒకసారి కదిలిందంటే ఇక ఆగదు, గంజిలా పారిపోతుంది. అలాంటి నేల ఎక్కడుందో కనిపెట్టడం విశాలాక్షి ఉద్యోగం. ఊచలు దిగేసి నేలలోకి కరెంటు పంపిస్తుంది. ఉప్పున్న మట్టి కరెంటుని హాయిగా పోనిస్తుంది, మీటరు మీద చిన్న అంకె వస్తుంది, మ్యాపులో పచ్చరంగు వేస్తారు. ఉప్పు పోయిన మట్టి కొంత అడ్డుకుంటుంది, అంకె పెరుగుతుంది, ఎర్రరంగు వేస్తారు. ఎరుపంటే అనుమానం మాత్రమే. గొట్టం దించి లోపలి మట్టి తీసి పరీక్ష చేస్తే గానీ ఖాయంగా చెప్పలేరు. గొట్టం దించే యంత్రం ఆఫీసులో ఉంది గానీ, దాన్ని షెడ్డులోంచి బయటికి తీయాలంటే ఎవరి సంతకం కావాలో ఇంతవరకూ తేలలేదు.

అదృష్టం కొద్దీ పచ్చిక చివర నీళ్ళ సంపు కోసం నిలువెత్తు గొయ్యి తవ్వి వదిలేశారు. విశాలాక్షి చీర కుచ్చెళ్ళు దోపుకుని అందులోకి దిగింది. అడుగునుంచి ఒక ముద్ద పెళ్ళగించింది. చల్లగా, గట్టిగా, పట్టుకుంటే బరువుగా ఉంది. బొటనవేలితో నాలుగుసార్లు నలిపింది. అంతే, ఆ ముద్ద చూస్తుండగానే జావ అయిపోయి, వేళ్ళ సందుల్లోంచి మోచేతి దాకా కారింది. ఆమె అందులో ఒక్క చుక్క నీళ్ళు కలపలేదు.

 చదువుకునేటప్పుడు విశాలాక్షి ఈ సంగతి పుస్తకంలో చూసి ముచ్చటపడింది. ఇప్పుడు తన మోచేతి మీంచి కారుతుంటే ముచ్చటగా ఏమీ లేదు.

"ఓలమ్మా, గోతిలో దిగి సేతులకేటి పూసుకుంతన్నావు మేడమ్మా?" అని పైనుంచి ఎవరో అడిగారు. నత్తలపేట పోలమ్మ. మంచినీళ్ళ కోసం పచ్చిక కుళాయి దగ్గరికి రోజూ వచ్చే మనిషి, పేటలో నలుగురూ ఆమె మాట వింటారు.

"పోలమ్మత్తా, వానలు పడేలోగా మీరంతా ఇక్కణ్ణుంచి లేచిపోవాలి. ఈ దిబ్బ జారుతుంది. జారితే మీ మీదికే."

పోలమ్మ బిందె దించి దిబ్బని ఎగాదిగా చూసింది. "ఎక్కడికెల్తాం? తుపానుకి బళ్ళో ఎట్టినారు. గాలి తగ్గినాదో లేదో పొండి పొండనీసి తోలీసినారు. మా పడవలు ఏటికాడ, మావు ఎక్కడో ఉంటే ఎవులు సూత్తారు? ఆర్డరు తెచ్చి, ఇదిగో ఈ సోటు మీదని సూపించు. పిల్లా జెల్లా లేసి ఎల్తాం. నోటిమాటకైతే గుమ్మం దిగం."

ఆ మాటలో తప్పేముంది? విశాలాక్షి చేయి కడుక్కుని ఆర్డరు కోసం మేడ మెట్లెక్కింది.

ఆర్డరు రావాలంటే సర్క్యులరు ప్రకారం నేల ఎర్రబడాలి. ఆ సర్క్యులరు రాయించింది జాయింట్ డైరెక్టరు త్రిలోచనరావు. ఆయన ఆ మధ్య ఒక చలిదేశానికి అధ్యయన యాత్ర వెళ్ళి, అక్కడ బంకమట్టి నేలల్ని కరెంటు పెట్టి కొలుస్తుంటే చూసి పరవశించిపోయారు. తిరిగొచ్చాక మెడలో మఫ్లరూ తియ్యలేదు, నోట్లోంచి ఆ దేశమూ తియ్యలేదు. మీటరు ఎరుపు చూపించిన చోట ఏ మనిషీ నివసించరాదు, ఏ ప్రభుత్వ కట్టడమూ ఉండరాదు, ఉంటే దాన్ని కట్టించిన అధికారే బాధ్యుడు అని రాయించి, జిల్లా అంతటా పంచారు. నత్తలదిబ్బ మీద మేడ కట్టించిన అధికారి కూడా ఆయనే. ఈ రెండు సంగతులూ ఒకే రోజు ఒకే బల్ల మీద కలుసుకుంటాయని ఆయన అనుకోలేదు.

విశాలాక్షి చెప్పిందంతా విన్నాక త్రిలోచనరావు మఫ్లరు సర్దుకున్నారు. పక్కన సూపరింటెండెంటు బెహరా గారు కూర్చున్నారు. కొత్తగా ఆలోచించాల్సి వచ్చినప్పుడల్లా త్రిలోచనరావు పక్కన బెహరా ఉండాలి. పాత ఫైళ్ళలో లేని ఆలోచన ఏదీ ఆ గదిలోకి రాకుండా చూడటం బెహరా పని.

"విశాలాక్షి గారూ, మనం శాస్త్రీయ దృక్పథంతో ముందుకు పోవాలి. ఈ మీటరు అసలు దేన్ని చూస్తుంది?"

"ఒక రకంగా ఉప్పునే సార్."

"ఉప్పుంటే?"

"అంకె తగ్గుతుంది."

"తగ్గితే?"

"పచ్చ."

త్రిలోచనరావు కుర్చీలో వెనక్కి వాలారు. ఆ మొహంలో రోగం పట్టుకున్న డాక్టరు తృప్తి కనిపించింది. "అయితే లోపం నేలలో లేదు. మన భవన నిర్మాణంలో అంతకన్నా లేదు. ఇది లవణ లోపం. నోటు పెట్టండి బెహరా గారూ. సదరు దిబ్బకు తక్షణమే ఉప్పు పట్టించాలి."

"సార్, ఉప్పు వాడటం ఉంది, నేను కాదనను," అంది విశాలాక్షి ఓపిక కూడదీసుకుని. "లోతుగా బావులు తీసి, అడుగున ఉన్న మట్టిలోకి దించుతారు. అది ఇంకడానికి ఏళ్ళు పడుతుంది. మనం పైపైన చల్లితే మీటరు మోసపోతుంది, అంతే. నేల మోసపోదు."

"నేల సంగతి సర్క్యులర్లో ఉందా బెహరా గారూ?"

బెహరా కళ్ళజోడు పైకి తోసుకుని కాగితం ఆ మూల నుంచి ఈ మూల దాకా చదివారు. "లేదండి. 'మీటరు సూచించిన అంకె ననుసరించి' అని మాత్రమే ఉందండి. నేల అనే మాట శీర్షికలో తప్ప లోపలెక్కడా రాలేదండి."

"చూశారా," అన్నారు త్రిలోచనరావు. "ఇంకో సంగతి. ఊచల్ని దూరందూరంగా ఎందుకు పాతుతున్నారు?"

"దూరం పెంచేకొద్దీ లోతుగా కనబడుతుంది సార్."

"అందరికీ కనబడేది పైభాగం. దగ్గరదగ్గరగా పాతండి. లోతుల్లోకి పోవడం మన విధానం కాదు."

ఆ వారంలోనే లవణ పునరుద్ధరణ కార్యక్రమం మొదలైంది. ఉప్పు కొఠార్ల నుంచి లారీలొచ్చాయి. కూలీలు గంపలతో దిబ్బనిండా వెదజల్లారు. పచ్చగా ఉండే నత్తలదిబ్బ తెల్లబడింది. విశాలాక్షి పళ్ళు కొరుక్కుంటూ ఊచల్ని దగ్గరదగ్గరగా పాతించి కొలిచింది. అంకె బుద్ధిగా దిగి కూర్చుంది. త్రిలోచనరావు మీటరు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. పై ఆఫీసు నుంచి అభినందన వచ్చింది. రోడ్ల శాఖ వాళ్ళొచ్చి, ఊగుతున్న తమ వంతెనకి కూడా ఉప్పు పనికొస్తుందేమో పరిశీలించమని వినయంగా అడిగి వెళ్ళారు.

చిక్కల్లా పచ్చికతో వచ్చింది. ఉప్పు తగిలి గడ్డి మాడింది. ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చేసరికి పచ్చిక పచ్చగా లేకపోతే మర్యాదగా ఉండదని గొట్టాలు రెట్టింపు చేశారు. రెట్టింపు నీళ్ళకి ఉప్పు కొట్టుకుపోయింది. ఉప్పు పోయేసరికి అంకె లేచింది. అంకె లేచిందని మళ్ళీ ఉప్పు చల్లారు. ఉప్పుకి గడ్డి మళ్ళీ మాడింది. తోట విభాగం నీళ్ళు పెంచింది, లవణ విభాగం ఉప్పు పెంచింది. రెండు విభాగాల మధ్యా అప్పటిదాకా లేని ఆరోగ్యకరమైన పోటీ మొదలైందని త్రిలోచనరావు నివేదికలో రాశారు. నీళ్ళు మాత్రం ఏ నివేదికకీ ఎక్కకుండా నిశ్శబ్దంగా దిబ్బ కడుపులోకి దిగుతున్నాయి. ఎక్కడికి దిగుతున్నాయో విశాలాక్షికి తెలుసు.

ఇంతలో ఉప్పుకి కొత్త భక్తులు తయారయ్యారు. ఊళ్ళో ఆవులన్నీ దిబ్బకి దారి పట్టాయి. పొద్దున్నే వరసగా వచ్చి, జారుడాఫీసు చుట్టూ మోకరిల్లినట్టు వంగి నేలని నాకడం మొదలుపెట్టాయి. వాటిని తోలడానికి కాపలావాళ్ళని పెట్టారు. కాపలావాళ్ళు ఆవుల్ని తోలుతుంటే వెనకనుంచి నత్తలపేట ఆడవాళ్ళు తట్టలతో వచ్చి ఉప్పెత్తుకుపోయారు. చేపలకి ఉప్పు కొనుక్కునే వాళ్ళు, గుమ్మం ఎదుటే ఉప్పు పోసిపెట్టి ఉంటే చూస్తూ ఊరుకుంటారా? నత్తలపేట ఎండు సావిడాయ చేపలు ఆ నెల ఉన్నంత రుచిగా ఎన్నడూ లేవని ఊరంతా అనుకున్నారు. త్రిలోచనరావు ఇంట్లో కూడా అనుకున్నారు.

ఆఫీసు వాలు పొడవునా బోర్డులు పాతించింది. 'ఇచ్చటి ఉప్పు ప్రభుత్వ ఆస్తి. తాకుట, నాకుట, తీసుకొనిపోవుట శిక్షార్హము.' ఆవులు బోర్డుల్ని కూడా నాకాయి.

విశాలాక్షి నివేదిక మీద నివేదిక పెట్టింది. ప్రతిదీ 'అంకె పచ్చగా ఉన్నందున పరిశీలనార్హము కాదు' అని తిరిగొచ్చింది. తొలకరి చినుకులు పడ్డ రోజున పచ్చిక అంచున మొదలై మేడ వెనక్కి చుట్టుకుపోతూ సన్నటి పగులు కనిపించింది. మర్నాటికి అందులో ఆమె చెయ్యి పట్టింది. పరుగున వెళ్ళి త్రిలోచనరావుని చెయ్యి పట్టుకున్నంత పనిచేసి తీసుకొచ్చి చూపించింది.

"ఎండకి నేల పగలదా అమ్మా?" అన్నారాయన.

"వానకి పగిలింది సార్."

"మీటరేమంది?"

"పచ్చ అంది. మీరు అనిపించారు."

"మరి మీటరే పచ్చ అన్నాక మధ్యలో మీకూ నాకూ భేదాభిప్రాయం దేనికి?" అని ఆయన తోటమాలిని పిలిచి, పగులు పొడవునా పూలకుండీలు పెట్టించారు. పగులు పెరిగింది. కుండీలు పెంచారు. కొన్ని కుండీలు పగుల్లో పడిపోతే, పొట్టి మొక్కలు తెచ్చినందుకు తోటమాలికి మెమో ఇచ్చారు.

విశాలాక్షికి అరికాలి మంట నెత్తికెక్కింది. కోపం కన్నా భయం ఎక్కువైంది. కిటికీలోంచి చూస్తే పేట కనిపిస్తుంది. పోలమ్మ ఇంటి ముందు తాడు మీద చేపలు, చేపల కింద పిల్లలు, పిల్లల వెనక పిల్లి. వాళ్ళకి కావాల్సింది ఒక్క ఆర్డరు, తలదాచుకోను ఒక చోటు. దిబ్బ కింద మనుషులున్నారని ఆమె ఎన్నిసార్లు రాసినా, మనుషులు ఉండటం అనేది ఆ ఆఫీసులో ఏ పద్దు కిందకీ రాలేదు.

ఆ మధ్యాహ్నమే బెహరా గారు ఉప్పు దొంగతనాల మీద నోటు చదివి వినిపిస్తున్నారు. విశాలాక్షి ఆ గదిలో ఓ మూల నిలబడి వింటోంది. వింటూ వింటూ ఆమె ఉన్నట్టుండి తలెత్తింది. అప్పటిదాకా తను తప్పు తలుపు కొడుతోందని అర్థమైంది. ఇప్పుడు తట్టిన ఉపాయం తనకి అసహ్యంగానే ఉంది, కానీ వానలు ఆమె అసహ్యం తీరేదాకా ఆగవు.

"సార్," అంది. "ప్రారంభోత్సవం రోజున మంత్రిగారి ముందు అంకె ఎర్రబడితే బాధ్యత నాది కాదు. ముందే చెబుతున్నాను."

త్రిలోచనరావు మఫ్లరు మెడకి బిగుసుకున్నట్టయింది. "ఎందుకు ఎర్రబడుతుంది?"

"నత్తలపేట ఉన్నంతకాలం ఈ దిబ్బ మీద ఉప్పు నిలవదు సార్. వాళ్ళు ఎత్తుకుపోయేది కొంత. వాళ్ళ ఇళ్ళల్లో వాడిన నీళ్ళకి కరిగేది కొంత. వలలకీ పడవలకీ అంటుకుపోయేది ఇంకొంత. మంత్రిగారు మీటరు మీట నొక్కేసరికి, దానికి తగిలించిన పెద్ద తెర మీద ఏ రంగొస్తుందో దేవుడికే తెలియాలి."

ఇక చూడాలి ఆ ఆఫీసు వేగం. ఇన్నాళ్ళుగా మనుషుల ప్రాణాల కోసం కదలని ఫైలు, ఉప్పు పేరు చెప్పగానే లేచి పరుగెత్తింది. సాయంత్రానికల్లా ఆర్డరు టైపయింది. 'నత్తలపేట నివాసుల ఉనికి వలన ప్రభుత్వ లవణమునకు వాటిల్లుచున్న నష్టమును తీవ్రముగా పరిగణించి, సదరు లవణము యొక్క భద్రత దృష్ట్యా, వారిని పడవలు, వలలు, కోళ్ళతో సహా రోడ్డునకు ఆవల ఇసుక పర్రపై గల మార్కెట్టు గోదాములకు తక్షణమే తరలించవలెను.' పడవల మాట విశాలాక్షే పట్టుబట్టి చేర్పించింది. ఉప్పు తెచ్చిన లారీలే వచ్చి పేటని ఎక్కించుకున్నాయి.

పోలమ్మ చివరి లారీ వెంటనే ఎక్కలేదు. విశాలాక్షి ఎదురుగా వచ్చి నిలబడింది. పేటంతా చూస్తోంది.

"మమ్మల్ని ఉప్పుదొంగలనీసి రాయించినావటగదా. నిజిమేనేటి?"

"నిజమే అత్తా."

"పేణాలు పోతాయన్నావు. నిజిమనుకున్నాను. మాకు ఆర్డరు తెత్తానని ఎల్లి, ఉప్పుకి ఆర్డరు తెచ్చినావు. ఇదేటమ్మా, మాకన్నా ఉప్పు ఎక్కువైపోనాదా నీకు?"

విశాలాక్షి చెప్పాలనుకుంది. పక్కనే బెహరా నిలబడి, ఎక్కిన కోళ్ళని లెక్క చూసుకుంటున్నారు. అసలు సంగతి ఒక్క ముక్క ఆయన చెవిన పడితే లారీలు వెనక్కి తిరుగుతాయి. "ఎక్కు అత్తా," అని మాత్రం అంది. పోలమ్మ ఆమె కాళ్ళ దగ్గర ఉమ్మేసి లారీ ఎక్కింది. విశాలాక్షికి ఏడుపొచ్చింది. లారీ రోడ్డు దాటేదాకా చూసి, ఆ తర్వాత మొహం కడుక్కుంది.

ప్రారంభోత్సవం నాడు వాన పొద్దున్నుంచే పట్టుకుంది. మంత్రిగారు గొడుగు కింద రిబ్బను కోశారు. మీట నొక్కారు. తెర నిండా పచ్చరంగు వచ్చింది. చప్పట్లు కొట్టారు. బ్యాండువాళ్ళు డప్పులు అదరగొట్టారు. ఇంకో రెండు ప్రారంభోత్సవాలున్నాయని మంత్రిగారు వడివడిగా వెళ్ళిపోయారు. ఉద్యోగులంతా పులిహోర పొట్లాలతో మేడలో సర్దుకున్నారు.

విశాలాక్షి పచ్చిక మీదికి వెళ్ళి చూసింది. పూలకుండీలు ఒక్కటీ లేవు. అన్నీ పగులు మింగేసింది. ఆమె వరండాల వెంట "బయటికి పరుగెత్తండి" అని అరుచుకుంటూ మేడ ఎక్కింది. వానలో బయటికెందుకని ఒక్కరూ కదల్లేదు. త్రిలోచనరావు గదిలో బెహరాతో కలిసి మంత్రిగారి ప్రసంగం మీద ప్రెస్ నోటు రాయిస్తున్నారు.

"సార్, దయచేసి అందర్నీ దించెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"విశాలాక్షి గారూ, తెర మీద పచ్చరంగు ఇంకా ఆరలేదు. అప్పుడే..."

కింద ఎక్కడో పాత దుప్పటి చింపినట్టు చప్పుడైంది. బల్ల మీది గాజు గ్లాసు తనంతట తాను ప్రయాణం మొదలుపెట్టి, ప్రెస్ నోటు దాటి, బెహరా ఒళ్ళో పడింది. విశాలాక్షి తలుపు చట్రం పట్టుకుంది. పెద్ద కుదుపేమీ లేదు. భవనం కింద ఉన్న మట్టంతా జావ అయి కదులుతుంటే, పైనున్న గట్టి పెళ్ళ మీద మూడంతస్తులూ కూర్చుని, పల్లకీలో పెళ్ళికొడుకులా సాఫీగా దిగుతున్నాయి. త్రిలోచనరావు కిటికీలోంచి చూశారు.

"విశాలాక్షి గారూ, దిబ్బ పైకెందుకు పోతోంది?"

 మేడ బరబరా ఏదో నలుపుకుంటూ ముందుకు పోయి, ఒక్క ఊపు ఊగి, కాస్త వాలి ఆగిపోయింది. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. బెహరాకి చెయ్యి బెణికింది. పులిహోర చాలామందికి నెత్తిన పడింది. విశాలాక్షి తూలుకుంటూ కిటికీ దగ్గరికెళ్ళింది. ఏటి ఒడ్డు ఎదురుగా ఉంది. పోలమ్మ చేపలు ఆరేసే తాడు కట్టిన కొయ్య ఒకటి బురదలోంచి పైకి కనిపిస్తోంది. నత్తలపేట లేదు. పేట ఉన్నచోట మేడ ఉంది. మేడ కింద, తన కాళ్ళ కింద, ఆ ఇళ్ళన్నీ ఉన్నాయి. వాటిల్లో మనుషులు లేరు. మనుషులు లేరు, లేరు అని తనకు తనే చెప్పుకుంటూ ఆమె నేల మీద కూలబడి, ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా వెక్కి వెక్కి ఏడ్చింది.

విచారణ సంఘం వేశారు. సంఘం వాళ్ళు దూరం నుంచే దిబ్బని చూసి, దగ్గరనుంచి ఫైళ్ళని చూశారు. ఆ ఉదయం మంత్రిగారి సమక్షంలో వచ్చిన అంకె పచ్చ. అందువల్ల నేల జారినట్టు రికార్డులో ఆధారం లేదు. జరిగింది భవనం యొక్క స్థానచలనం. పైగా ఏటి ఒడ్డు మట్టిలో ఉప్పు ఇంకా కొట్టుకుపోలేదు కాబట్టి మ్యాపులో అది సహజంగానే పచ్చ. ఉప్పు పోస్తే తప్ప పచ్చబడని చోటు నుంచి ఉప్పు పోయకుండానే పచ్చగా ఉన్న చోటికి భవనం చేరుకోవడం ప్రభుత్వానికి లాభదాయకమని సంఘం అభిప్రాయపడింది. భవనాల్ని తరలించే విధానం మీద ప్రసంగించమని చలిదేశం నుంచి త్రిలోచనరావుకి ఆహ్వానం వచ్చింది. కార్యాలయంలో అనుమతి లేకుండా 'పరుగెత్తండి' అని కేకలు వేసినందుకు విశాలాక్షికి మెమో వచ్చింది.

ఆ తర్వాత నత్తలపేటవాళ్ళకి నోటీసొచ్చింది. ఇవ్వడానికి బెహరా బయల్దేరారు. ఆ జనం తనని కొడతారేమోనని తోడుకి విశాలాక్షిని తీసుకెళ్ళారు. గోదాము నిండా చాపలు, వలలు, పొయ్యిలు. ఇళ్ళు పోయిన జనం ఎవరి మూల వాళ్ళు సర్దుకుని, తిరిగి ఇల్లు కట్టుకోవడానికి చోటెప్పుడు చూపిస్తారా అని ఎదురుచూస్తున్నారు. పోలమ్మ బెహరా వంక చూడలేదు. విశాలాక్షి వంక చాలాసేపు చూసింది. తర్వాత లేచి, చెయ్యి పట్టి లాక్కొచ్చి, "ఇలా కూకో," అని తన చాప మీద కూర్చోబెట్టుకుంది.  పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

బెహరా గొంతు సవరించుకుని చదివారు. "'భూస్ఖలన నివారణ సంస్థ వారి భవనము అడుగు భాగమున నత్తలపేట వాస్తవ్యులు అక్రమముగా గృహములు కలిగియున్నట్లు తనిఖీలో తేలినది. సదరు ఆక్రమణలను ప్రభుత్వ భవనము కింద నుండి పదిహేను దినములలోగా తొలగించుకొనవలెను. అట్లు తొలగించుకొను వరకు ప్రత్యామ్నాయ స్థలము కేటాయింపు పరిశీలించబడదు.'"

 విశాలాక్షి తల వంచుకుంది.   పోలమ్మకి అర్థమైంది. బెహరా చేతిలోంచి కాగితం తీసుకుని, మడిచి, రొంటిన దోపుకుంది.

"సరే బాబూ. మా ఇళ్ళు మావు తీసుకుంటాం, మాకేటి నొప్పి? మీ మేడని కాసింత పక్కకి జరగమనండి. దానికి నడక వొచ్చు గదా."